అతుకుల ప్రతి

ప్లీడరు అట్టపెట్టెను బల్ల మీద పెట్టి, మూత తీయకముందే జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు.

“ఇది మా నాన్నగారి నాటకం. దీని మీద ఎవరు పడితే వాళ్ళు పెత్తనం చేశారు. ఆ అతుకులన్నీ ఊడదీసి, మా నాన్నగారి చేతి రాత ఒక్కటీ నాకు మిగల్చండి. అంతకంటే ఏమీ అడగను” అన్నాడు.

పక్కన నిలబడ్డ లైబ్రేరియన్ తల ఊపాడు. ఆయన ఆ మాటకే కాదు, ప్లీడరు ఏ మాట అన్నా తల ఊపుతాడు. గ్రంథాలయ కమిటీలో ప్లీడరు మాటకు తిరుగులేదు.

బల్లకు ఇటువైపు ఉన్నది డాక్టరమ్మ. ఆమె మందుల డాక్టరు కాదు. చిరిగిన పుస్తకాలు, చెదలు కొట్టిన కాగితాలు బాగుచెయ్యడం ఆమె పని. చేతిలో ఎప్పుడూ సన్నటి కత్తి ఉంటుందని ఎప్పుడో ఒక అటెండరు సరదాకి డాక్టరమ్మ అన్నాడు. ఆ తర్వాత అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. గ్రంథాలయం వెనక వైపు, పెద్ద కిటికీ ఉన్న పొడుగాటి గది ఆమెది. మధ్యలో తెల్లటి బల్ల, గోడవారగా ఇనుప ప్రెస్సు, మూలన నీళ్ళ తొట్టి, మందుల ఘాటు బయటికి పోవడానికి గోడలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను.

ఆమె మూత తీసింది. మక్కిపోయిన నూనె వాసన గుప్పుమంది. వాసనను బట్టే టేపు ఎంత పాతదో ఆమెకు తెలిసిపోయింది. దారంతో కుట్టిన పొడుగు కాగితాలు. నల్ల సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలు. ఏ పేజీ చూసినా ఆ అక్షరాల మీద చిన్నా పెద్దా చీటీలు, వాటి చుట్టూ ఎండుటాకు రంగుకు తిరిగిన సెల్లోటేపు. చీటీల మీది రాత వేరే. ఊదా రంగు పెన్సిలుతో, పరుగున రాసినట్టు పక్కకు వాలిపోయి ఉంది.

“వచ్చే నెల నాన్నగారి శతజయంతి సభ. ఆ రోజు ఇది గాజు పెట్టెలో ఉండాలి. తర్వాత అచ్చు వేయిస్తాను. ఇంతవరకూ అచ్చులోకి రాలేదు, ఉన్నది ఈ ఒక్క ప్రతే” అన్నాడు ప్లీడరు.

“ఈ చీటీలండీ?” అంది డాక్టరమ్మ.

“నాటకాల వాళ్ళ పైత్యం. తీసి పారెయ్యండి.”

పెట్టె అప్పగించిన రసీదు మీద సంతకం కోసం ఆమె వాళ్ళ వెనకే వరండాలోకి వచ్చింది. గోడ పక్క బెంచీ మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి, చేతిలో పాత గొడుగు. ప్లీడరును చూడగానే బెంచీ అంచు పట్టుకుని లేచింది.

“బాబూ, ప్రతి ఇక్కడికి తెచ్చారని తెలిసి వచ్చాను. తడి తగలనివ్వకండి. ఆ ఊదా పెన్సిలు తడి తగిలితే...”

“మీరు చేసిన నిర్వాకం చాలండీ. దాన్ని బాగుచేయించడానికే తెచ్చాను” అన్నాడు ప్లీడరు. గొంతు పెంచలేదు, నడక ఆపలేదు. లైబ్రేరియన్ ఆయన వెనకే గబగబా మెట్లు దిగాడు.

ముసలామె కూర్చుని, విప్పని గొడుగునే మళ్ళీ చుట్టి గుండీ పెట్టింది. అది ఒకసారి జారితే మళ్ళీ పెట్టింది.

“ఎవరావిడ?” అని అటెండరును అడిగింది డాక్టరమ్మ.

“ఈ నాటకం ఆడిన సమాజంలో ప్రాంప్టరట అక్కా. తెర పక్కన నిలబడి నటులకు మాట అందించేది. అందరూ పిన్ని అంటారు. సమాజం మూతపడ్డాక ఇన్నేళ్ళూ ఆ కట్టను ట్రంకుపెట్టెలో దాచింది ఈవిడే. పోయినేడు ఆయనొచ్చి అడిగితే మారుమాట లేకుండా చేతిలో పెట్టేసిందట. ఇప్పుడు ఒక్కసారి చూసిపోతానంటే, ఎవర్నీ లోపలికి పంపొద్దని ఆయన ఆర్డరు.”

డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కిటికీలోంచి చూస్తే, గొడుగు ఊతంగా పట్టుకుని ఎండలో నడిచి వెళ్తున్న ఆమె వీపు చాలాసేపు కనిపించింది.

మర్నాడు పని మొదలుపెట్టింది. మొదట ఒక చీటీ మూల ఉన్న ఊదా చుక్క మీద సూదిమొనంత తడి పెట్టింది. చూస్తుండగానే చుక్క విచ్చుకుని ముదురు ఊదాగా పాకింది. వెంటనే అద్దుడు కాగితం వేసి నొక్కింది. స్పిరిట్‌తోనూ అంతే అయింది. ముసలామె చెప్పబోయింది ఇదే. అంటే నీళ్ళూ మందులూ పనికిరావు. పని అంతా పొడిగా, చేత్తో జరగాలి.

పలుచని ఉక్కు గరిటెను చిన్న హీటరు మీద వెచ్చజేసి, ముందు తన చెంప దగ్గర పెట్టి చూసుకుంటుంది. వేడి ఎక్కువైతే కాగితం కందిపోతుంది, తక్కువైతే టేపు పట్టు వదలదు. సరైన వేడి కుదిరాక దాన్ని టేపు అంచు కిందికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున ముందుకు నెడుతుంది. ఎండిన ఉల్లిపొరలా చిటచిటమంటూ టేపు పైపొర లేస్తుంది. కానీ అది లేవడంతో పని అయినట్టు కాదు, మొదలైనట్టు. అసలు బంక అంతా కాగితాన్నే పట్టుకుని ఉంటుంది. కొన్నిచోట్ల తేనెపాకంలా సాగుతుంది, కొన్నిచోట్ల గాజుపెంకులా బిగుసుకుపోయి ఉంటుంది. సాగేదాన్ని ముడి రబ్బరు ముక్కతో మెల్లగా దొర్లిస్తూ, చిన్న చిన్న వత్తులుగా చుట్టి తీయాలి. బిగిసినదాన్ని కత్తి పక్కవాటుతో, భూతద్దం కింద, పొడి రాలుస్తూ గీకాలి. ఒక్క గీత లోతుగా పడితే అక్షరం ఊడొస్తుంది.

మధ్యాహ్నం లైబ్రేరియన్ తొంగిచూశాడు.

“ఇంత నిదానమైతే ఎలా అమ్మా? మందేసి లాగెయ్యకూడదూ?”

“మందేస్తే ఊదా రాత కారిపోతుంది సార్.”

“కారనీ. ఆ చీటీలు ఎలాగూ పారేసేవేగా?”

“కారితే కిందనున్న ప్లీడరు గారి నాన్నగారి రాత మీదికే కారుతుంది సార్.”

లైబ్రేరియన్ వెళ్ళిపోయాడు. అది నిజమే గాని, పూర్తి నిజం కాదని డాక్టరమ్మకు తెలుసు. ఆమెకు చీటీలు పాడవడం ఇష్టం లేదు. ఎందుకు లేదో ఇంకా తేల్చుకోలేదు.

చీటీలు చదవకుండా తీయడం సాధ్యం కాదు. భూతద్దం కింద అక్షరం ఒక్కొక్కటీ అరచేయంత కనిపిస్తుంటే కళ్ళు వాటంతటవే చదివేస్తాయి. భర్త వదిలిపోయిన ఒక ఇల్లాలి కథ అది. అతను వెళ్ళిన రోజున ఆమె నోట నాటకకర్త పెట్టిన మాట, నల్ల సిరాలో: “హా విధీ! అబలనగు నాపై నీకింత కాఠిన్యమేల?” దాని మీద అతికించిన చీటీలో, ఊదా పెన్సిలుతో: “విధిని అనడం ఎందుకు? గుమ్మం దాటింది ఆయన కాళ్ళు.”

డాక్టరమ్మ ఒంటరిగా ఆ గదిలో నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయి, ఆ చీటీని చాలాసేపు పట్టకారుతో పట్టుకునే ఉండిపోయింది. రాసిన చేయి వరండాలో గొడుగు చుట్టుకున్న చేయి అనుకుంది. ఇంత మాట రాయగలిగిన మనిషి బెంచీ మీద కూర్చుని, నిర్వాకం అనిపించుకుని వెళ్ళిపోయింది.

తీసిన చీటీని పారెయ్యలేదు. ఏ పేజీలో ఎక్కడ ఉండేదో పక్కన పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువు ఉంచింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు దీపం కింద కూర్చుని చొక్కాకు గుండీలు కుడుతోంది. కళ్ళు కనపడవంటూనే సూదిలో దారం మాత్రం ఎవరినీ ఎక్కించనివ్వదు.

“వేళ్ళు అలా ఉన్నాయేమిటే? మళ్ళీ బంక పనేనా?” అంది.

“ఒక నాటకం అత్తయ్యా. భార్యను వదిలేసి పోయిన మనిషి ముసలివాడై తిరిగొస్తాడట, అదీ కథ. అక్కడిదాకా నేనింకా రాలేదు.”

అత్తగారి సూది ఆగింది.

“కంచుగంట వేసిన నాటకమా?”

“కంచుగంట ఎవరు?”

“ఎవరేమిటి, ఆ వేషం వేసింది. గొంతు అలా ఖంగుమనేది, అందుకే ఆ పేరు. మీ మామయ్య తీసుకెళ్ళారు. మీ ఆయన నా ఒళ్ళో పసిగుడ్డు. నాటకమంతా ఏడుస్తాడేమోనని భయపడి చచ్చాను. వాడు హాయిగా పడుకున్నాడు, ఏడ్చింది నేను.” చొక్కా పక్కన పెట్టి, ఎదురుగా తలుపు ఉన్నట్టు చూసింది. “ఆఖర్న తలుపు చప్పుడవుతుంది. ఆవిడ వెళ్ళి తీస్తుంది. వాడు నిలబడి ఉంటాడు. మనమేమో ఇప్పుడు కాళ్ళ మీద పడుతుందా, కొడుతుందా అని చూస్తుంటాం. ఆవిడ ఏమంటుందో తెలుసా? ‘వచ్చావా. చెప్పులు బయట విడువు. ఇల్లు తుడిచాను. నువ్వొస్తావని కాదు, రోజూ తుడుస్తాను.’ అంతే. తెర పడిపోయింది. ఒక్కరూ లేవలేదు.”

డాక్టరమ్మ చేతులు కడుక్కోవడం కూడా మరిచి వింటోంది.

“ఆ మాట రాసిన మహానుభావుడు ఎవరో గాని, ఆడవాళ్ళ కడుపులో దూరి చూశాడు. ఎన్నాళ్ళో నేను చీపురు పట్టినప్పుడల్లా అదే అనుకునేదాన్ని” అంది అత్తగారు.

అప్పుడే లోపలికి వస్తున్న కొడుకు, “ఎవరి గురించమ్మా, ఎవరొచ్చారు?” అన్నాడు.

“నీ గురించి కాదులే. చెప్పులు మాత్రం బయటే విడువు” అంది తల్లి.

తర్వాతి రోజులన్నీ ఒక్కలాగే గడిచాయి. మెడ పట్టేసేది. బంక వాసన జుట్టులోకి ఎక్కి ఇంట్లో పిల్ల ముక్కు మూసుకునేది. పేజీ తర్వాత పేజీ తేలికపడుతూ వచ్చింది. టేపు ఉన్నచోట గోధుమ రంగు మరకలు మిగిలాయి గాని, అంచుల్లో మాత్రమే కాబట్టి చీటీల కింది నల్ల సిరా చాలావరకు చదవడానికి వీలుగానే ఉంది.

చివరి పేజీ దగ్గర మాత్రం ఆమె వేలు ఆగింది. కింది సగం కాస్త మందంగా తగిలింది. అంతవరకూ అదంతా ఒకే కాగితం అనుకుంది. నాలుగు వైపులా ఎంత పొందికగా అతికించారంటే, పైన పరిచిన టేపు ఎంత ముదిరిపోయిందంటే, ఊదా అక్షరాలు కూడా మసకబారి నల్లగానే కనిపించాయి, వాటి వాలు కూడా తెలియలేదు. ఆమె పైపొర లేపింది. కింద నుంచి ఊదా తేలింది. వచ్చావా. చెప్పులు బయట విడువు.

అంటే అదీ చీటీయే.

దాన్ని లేపడానికి ఒక పగలంతా పట్టింది. మిగతా చీటీలకు అంచులకే టేపు. దీనికి వెనక అంతా మడత టేపు ముక్కలు పెట్టి అంటించారు. ఎన్ని ప్రదర్శనలైనా ఊడకూడదని కాబోలు. ఆ బంక అంతా నేరుగా నల్ల సిరా మీదే కూర్చుంది, ఇన్నేళ్ళూ దాన్ని తాగుతూ కూర్చుంది. చీటీ లేచాక కింద మిగిలింది తేనెరంగు మచ్చ. మొదట్లో “నాథా” అన్న మాట, ఆ తర్వాత అక్కడక్కడా ఒక దీర్ఘం, ఒక సున్నా, తెగిన కొమ్ము. దీపం పక్కకు వంచి చూసింది. నీలం వెలుతురు వేసి చూసింది. కాగితం వెనక నుంచి చూసింది. సిరా బంకలో కరిగి చెదిరిపోయింది. ఏ మందూ దాన్ని తిరిగి అక్షరం చెయ్యలేదు.

చీటీని పళ్ళెంలో పెట్టుకుని లైబ్రేరియన్ గదికి వెళ్ళింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఇది... ఇది ప్లీడరు గారు ప్రతి సభలోనూ చెప్పే మాట కదమ్మా. ఇంట్లో వాళ్ళ నాన్నగారి ఫొటో కింద కూడా ఇదే రాయించుకున్నాడు.”

“అవును సార్. రాసింది ఆ నాన్నగారు కాదు.”

లైబ్రేరియన్ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

“చూడమ్మా. ఈ ఒక్కటీ ఎక్కడిది అక్కడ పెట్టెయ్యి. ఇన్నాళ్ళూ ఎవరూ కనిపెట్టలేదు, ఇకముందూ కనిపెట్టరు. మిగతావి తీసెయ్యి. ఆయనా సంతోషిస్తాడు, సభా జరిగిపోతుంది.”

“పనికొచ్చినది నాన్నగారి ఖాతాలో వేసి, మిగతావి పైత్యమని పారెయ్యమంటారా సార్?”

“నేను ఏమీ అనడం లేదు. ఆయన పట్టుబట్టి నిన్ను మళ్ళీ కౌంటర్లో కూర్చోబెట్టమంటే, నేను అడ్డుపడలేను. అది మాత్రం ముందే చెప్తున్నాను.”

పుస్తకాలిచ్చే కౌంటరు నుంచి ఆ గదికి రావడానికి ఆమె ఎంతమందిని బతిమాలిందో, ఎక్కడెక్కడికి వెళ్ళి ఈ పని నేర్చుకుందో ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. అందులో బెదిరింపు కంటే తన నిస్సహాయతే ఎక్కువ ఉంది.

“రేపు ఆయన్ని ఒకసారి గదికి రమ్మనండి సార్. నేనే చెప్తాను” అంది డాక్టరమ్మ. పళ్ళెం పట్టుకుని బయటికొచ్చింది.

అటెండరును అడిగి ఆ సాయంత్రమే పిన్ని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సైకిళ్ళ షాపు మీద ఒక్క గది. కింద ఎవరో చక్రానికి సుత్తితో కొడుతుంటే పైన గిన్నెలు అదురుతున్నాయి. పిన్ని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తాను మంచం పట్టె మీద కూర్చుంది.

“రాలేనమ్మా. ఆయన అన్న మాట విన్నావుగా. ఈ వయసులో మళ్ళీ అనిపించుకోవడం ఎందుకు?”

“నేను రమ్మంటున్నాను కదండీ.”

“చీటీలు తీసేశావా?”

“తీశాను. ఒక్కటి కూడా పాడవలేదు. తడి తగలనివ్వలేదు.”

పిన్ని ఆమె వేళ్ళవైపు చూసింది. గోళ్ళ చివర్లు అరిగిపోయి, చర్మం ఎర్రగా పొరలు లేచి ఉంది.

“తీసినవాటిని ఏం చేస్తారట?”

“పారెయ్యమన్నారు.”

కింద సుత్తి దెబ్బలు ఆగాయి. పిన్ని లేచి కిటికీ రెక్క వేసింది.

“పొద్దున్నే అయితే ఎండ ఉండదు. పొద్దున్నే వస్తాను” అంది.

మర్నాడు ప్లీడరు గదిలోకి అడుగుపెట్టేసరికి పిన్ని కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి లైబ్రేరియన్ వైపు చూశాడు. లైబ్రేరియన్ పైకప్పు వైపు చూశాడు.

“నేనే రమ్మన్నానండీ” అంది డాక్టరమ్మ. “మీకు చూపించాల్సింది ఒకటుంది. అది ఆవిడ ముందే చూపించాలి.”

చివరి పేజీని, దాని పక్కన చీటీని బల్ల మీద పెట్టి దీపం దగ్గరికి లాగింది. ప్లీడరు వంగి చూశాడు. మొదట ఏమీ అర్థం కానట్టు చూశాడు. తర్వాత చీటీ మీది ఊదా అక్షరాలను, పేజీ పైసగంలోని నల్ల అక్షరాలను మార్చి మార్చి చూశాడు. కోర్టులో దొంగ సంతకాలు పట్టుకున్న కళ్ళు అవి. ఎవరూ చెప్పనక్కర్లేదు.

“ఇది మా నాన్నగారి రాత కాదు” అన్నాడు చివరికి.

“కాదండీ.”

“కింద ఏముంది?”

ఆమె మచ్చ మీద భూతద్దం పెట్టింది. ఆయన చాలాసేపు అలా వంగే ఉన్నాడు. లేచేసరికి ముఖం నల్లబడిపోయింది. పిన్ని వైపు తిరిగాడు. గొంతు అప్పుడు కూడా పెంచలేదు.

“మా నాన్న మాట చెరిపేసి మీ మాట అతికించారు. ఇన్నేళ్ళూ నేను కనిపించిన ప్రతివాడికీ మీ మాటే మా నాన్నదని చెప్పుకుని తిరిగాను.”

“నా మాట కాదు బాబూ” అంది పిన్ని.

డాక్టరమ్మ తల ఎత్తింది. ఇన్ని రోజులుగా ఆమె మనసులో కట్టుకున్నది, నిన్న లైబ్రేరియన్ ముందు నిలబెట్టినది, ఇది పిన్ని మాట అనే.

“నాకు మాటలెక్కడివి? నేను అందించేదాన్ని. చెయ్యి నాది, అంతే. మాటలు కంచుగంటవి.”

“ఆ వేషం వేసినావిడ మాటలా?” అన్నాడు ప్లీడరు. “ఆవిడకు చదువు రాదంటారే.”

“రాదు. సంతకానికి వేలిముద్రే. మీ నాన్నగారు రాసింది నేను చదివి వినిపిస్తే, విని నేర్చుకునేది. మంచి జ్ఞాపకం. కానీ కొన్ని మాటలు ఆమె నోట పలికేవి కావు. ‘హా విధీ’ అనమంటే నాలిక మడత పడేది. మీ నాన్నగారు ముందు వరసలో కూర్చుని కేకలేసేవారు. ఒకరోజు ఆమెకూ కోపం వచ్చింది. వాళ్ళాయనా అలా పోయినవాడే లెండి. ‘అయ్యా, ఆయన పోయిన రోజు నేనేమన్నానో చెప్పమంటారా?’ అని, అంది. విధిని అనడం ఎందుకు అని.”

పిన్ని ఆగి, కొంగుతో పెదాలు తుడుచుకుంది.

“మీ నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. నేను గజగజలాడిపోయాను, ఇక ఈమెను వెళ్ళగొడతారని. ఆయన లేచి నా దగ్గరికొచ్చి, ‘రాయి పిన్నీ’ అన్నారు. ఆ తర్వాత ఏ మాట పలక్కపోయినా, ‘నువ్వెలా అంటావో అను’ అనేవారు. ఆమె అంటే నేను రాసేదాన్ని. ఊడిపోతున్నాయని ఆ టేపు తెచ్చింది కూడా ఆయనే. అప్పుడది కొత్త వస్తువు. గాజులా మెరిసిపోయేది. ఇక వందేళ్ళు ఊడదు పిన్నీ అని మురిసిపోయారు. ఇలా కాల్చుకు తింటుందని ఎవరికి తెలుసు?”

ప్లీడరు కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు. లైబ్రేరియన్ కుర్చీ జరిపాడు.

“నేను అప్పుడు హాస్టల్లో ఉండేవాణ్ణి” అన్నాడు ప్లీడరు, తనలో తాను అన్నట్టు. “ప్రదర్శనలు చూశాను. రిహార్సళ్ళు చూడలేదు.” కుర్చీలో కూర్చుంటూ, “మరి మా నాన్న చేసిందేమిటి?” అన్నాడు.

“రాయి అన్నారు చూడండి, అది” అంది పిన్ని. “తను కష్టపడి రాసుకున్న మాట మీద ఇంకొకరి మాట తన చేత్తో అంటించుకోవడం. నేను చాలా సమాజాల్లో మాట అందించాను బాబూ. అలాంటి మనిషిని ఇంకొకర్ని చూడలేదు.”

డాక్టరమ్మ పళ్ళెంలోంచి పలచటి పొర కాగితం ఒకటి తీసి చూపించింది.

“చీటీలు పారెయ్యక్కర్లేదండీ. ఒక్క అంచున మాత్రం దీంతో అతికిస్తాను, గోధుమపిండి జిగురుతో. తలుపు రెక్కలా తెరుచుకుంటుంది. మూస్తే కంచుగంట మాట, తెరిస్తే మీ నాన్నగారి మాట. రెండూ చదువుకోవచ్చు. గాజు పెట్టె పక్కన పెట్టే కాగితం మీద ఆవిడ పేరూ, పిన్నిగారి పేరూ ఉండాలి. అది మాత్రం నేను అడుగుతున్నాను.”

“నాదెందుకమ్మా” అంది పిన్ని.

“ఉండాలి” అన్నాడు ప్లీడరు. “ఆ కంచుగంట ఇంకా ఉందా?”

“పోయింది బాబూ. సమాజం మూతపడకముందే.”

ప్లీడరు తల ఊపి, వేలితో చివరి పేజీని చూపించాడు. ముట్టుకోలేదు.

“అన్నీ అలాగే చెయ్యండి. కానీ ఇది తెరిస్తే కనపడేది మచ్చే కదా. అప్పుడు ఆయన ఏం రాశారో ఇక తెలీదన్నమాట.”

“తెలీదండీ. నేను చెయ్యగలిగిందంతా చేశాను” అంది డాక్టరమ్మ.

“తెలియకపోవడమేం?” అంది పిన్ని.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆమె తప్పు మాట అన్నదానిలా కాస్త తడబడింది.

“అందించేవాళ్ళకు రెండూ రావాలి కదా. స్టేజీ ఎక్కాక ఆమె నోట పాతదే వచ్చిందనుకోండి, పాతదే అందించాలి. సగంలో కొత్తది అందిస్తే మనిషి అక్కడే నిలబడిపోదూ? అందుకని అన్నీ గుర్తుపెట్టుకున్నాను. అలవాటు, పోలేదు.”

ప్లీడరు జేబులోంచి కలం తీశాడు. కాగితం కోసం అటూ ఇటూ చూస్తే డాక్టరమ్మ తెల్ల కాగితం ఒకటి ఆయన ముందు పెట్టింది. గోడలో ఎగ్జాస్ట్ ఫ్యాను గురగురమంటోంది. ఆమె వెళ్ళి దాన్ని ఆపింది.

పిన్ని స్టూలు ఆయన కుర్చీకి దగ్గరగా జరుపుకుంది. ముఖం పక్కకు తిప్పి, అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుని, అభినయం లేని పల్చటి గొంతుతో, ఎదుటివాళ్ళకు ఎంత వినిపించాలో అంతే వినిపించేలా మొదలుపెట్టింది.

“నాథా, ఈ వాకిలి నేను మూయలేదు.”

“నాథా, ఈ వాకిలి నేను మూయలేదు” అంటూ ప్లీడరు రాసుకున్నాడు.

“మూసిన వాకిట నిరీక్షణ యుండును, తెరచిన వాకిట క్షమ యుండును అందురు.”

ఆయన రాశాడు. పెదాలు కదులుతున్నాయి.

“నాయందు ఆ రెండును లేవు. అలవాటొక్కటే మిగిలినది.”

కలం ఆగింది. ప్లీడరు తాను రాసిన ముక్కను, బల్ల మీది ఊదా చీటీని ఒకదాని తర్వాత ఒకటి చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పిన్ని ఆయన వైపు చూడలేదు. మాట అందించేటప్పుడు ఎదుటి మనిషి ముఖం చూడకూడదు కాబోలు.

“లోనికి రండు” అంటూ చివరి మాట కూడా చెప్పింది.

ప్లీడరు నోరు మెదిలింది గాని మాట రాలేదు. పిన్ని కాసేపు ఆగి, అదే గొంతుతో, ఆ మాటనే మళ్ళీ అందించింది.